గోడ మీద మామయ్య

అక్టోబరు 24, మంగళవారం

అమ్మకి,

జోర్నిత్సా రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. స్తామెన్ మామయ్య కూడా బాగున్నాడు, బతికే ఉన్నాడు. మామూలుగా ఈ మాట ఉత్తరంలో విడిగా రాయక్కర్లేదు గానీ, గింకా అత్తయ్య నీకు ఫోన్‌లో ఏం చెప్పిందో నీ ఉత్తరం చూశాక అర్థమైంది కాబట్టి రాస్తున్నాను. బొలోన్యాలో నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉండే ముసలావిడ సిన్యోరా ఎల్వీరా కులాసాగా ఉన్నారనుకుంటాను.

"నీకు ఊరంటే చులకన. ఇక్కణ్ణించి ఎప్పుడు పారిపోదామా అని చూస్తుంటావు. పోయేదానివి ఊరికే పోక, బతికున్న మనిషిని గోడ మీద చంపావు" అని రాశావు. ఆ మూడు వాక్యాలూ చాలాసార్లు చదివాను. మూడింట్లో రెండు తప్పు. నువ్వు చూడలేదు, వెయ్యి మైళ్ళ అవతల ఉన్నావు. అత్తయ్య రెండో వరసలోనే కూర్చుంది, కానీ కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. మీరిద్దరూ కలిసి ఒక సాయంత్రం ఫోన్‌లో నేనెలాంటిదాన్నో తేల్చేశారు. నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదు. నేను ఫోన్ చేస్తే నువ్వు సగంలో ఏడుస్తావు, లేకపోతే సిన్యోరా గంట కొడుతుంది. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఈ ఉత్తరం శనివారం బొలోన్యాకి బయల్దేరే మిన్చో వ్యానులో వస్తుంది. దయచేసి చివరిదాకా చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మమ్మ మోకాలికి నువ్వు పంపిన పట్టీలు పనిచేస్తున్నాయి. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకి ఒక్కో మంత్రిని తిడుతుంది, దానివల్ల నొప్పి తెలియదట. కట్టెలు వచ్చాయి, వానలు పట్టకముందే షెడ్డులో పేర్చాను. నేనే పేర్చాను, అత్తయ్య కొడుకులు కాదు. ల్యూతెనిత్సా మిరప పచ్చడి ముప్పై రెండు సీసాలయింది. ఆరు సీసాలు ఈ ఉత్తరంతో వస్తున్నాయి, మూతలు గట్టిగా బిగించాను, ఈసారి కారితే అది మిన్చో తప్పు. జుట్టు కత్తిరించుకున్నానా అని అడిగావు. అవును. బాగాలేదు.

నాన్న పోయి పదేళ్ళయిందని వేయించిన సంస్మరణ కాగితం గేటుకి అంటించాను. నువ్వు చెప్పిన నీలం చొక్కా ఫోటోనే వేయించాను. పాత కాగితం మీద నాన్న ముఖం వానకి పూర్తిగా కరిగిపోయింది, చుట్టూ నల్ల అంచు మాత్రం మిగిలింది. బేకరీ తలుపుకీ, బస్సు ఆగే చోట గోడకీ కూడా ఒక్కోటి అంటించాను. సాయంత్రం వరకు దారిన పోయే ప్రతి మనిషీ ఆగి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చదివి, ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని గానీ కదల్లేదు. పదేళ్ళుగా తెలిసిన ముఖమే. అయినా నల్ల అంచులో ముఖం కనిపిస్తే మన ఊళ్ళో కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని నేనెక్కడా చెప్పబోవడం లేదు.

ఇక జరిగింది.

పఠన మందిరం గురించి జిల్లా నుంచి ఆగస్టులో ఉత్తరం వచ్చిన సంగతి నీకు తెలుసు. ఊళ్ళో జనం తగ్గారు, పిల్లలు తగ్గారు, కాబట్టి కార్యదర్శి ఉద్యోగం ఇక్కడ ఉంచాలా, కింది పట్నంలోని మందిరంలో కలిపేయాలా అన్నది కమిటీ వచ్చి చూసి తేలుస్తుందట. కలిపేస్తే మన హాలు రెండు వారాలకో గురువారం తెరుస్తారు. గాయక బృందం ఆ గురువారమే పాడుకోవాలి, అమ్మమ్మ ఆ గురువారమే పత్రిక చదువుకోవాలి. కమిటీ ముందు పది నిమిషాల "ఎలక్ట్రానిక్ ప్రదర్శన" ఇవ్వాలని ఉత్తరం చివర ఉంది. ఇన్నేళ్ళుగా ఆ కార్యదర్శి అయిన మామయ్య ఆ మాట రెండుసార్లు చదివి, కాగితం మడిచి నా కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నువ్వు ప్లోవ్‌దివ్‌లో చదువుకున్నదానివి" అన్నాడు.

"నేను చదివింది భూగోళం మామయ్యా."

"ఇదీ భూమ్మీదే ఉంది."

మామూలు ప్రదర్శనలు నాకు విసుగని నీకు తెలుసు. కాలేజీలో నాలుగేళ్ళు చూశాం: ఒక పేజీ, దానిమీద ఐదు చుక్కలు, వాటినే పైకి చదివే ఒక లెక్చరర్. నాతో చదివిన కలీనా ఇప్పుడు వార్నాలో పనిచేస్తోంది. దాన్ని అడిగితే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి పంపింది. పద్నాలుగు రోజులు ఊరికే వాడుకోవచ్చట. దాంట్లో పేజీలు ఉండవు. అంతు లేని తెల్లటి బల్ల ఒకటి ఉంటుంది. దానిమీద ఎక్కడ కావాలంటే అక్కడ బొమ్మలు, మాటలు, ఎంత పెద్దవిగానైనా, ఎంత చిన్నవిగానైనా పరుచుకోవచ్చు. చూపించేటప్పుడు కన్ను ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి ఎగిరిపోతుంది, లోపలికి దూరుతుంది, పైకి లేస్తుంది.

మొదటి రోజు హాలు ఫోటో పెట్టాను. వేలు ఎక్కడో తగిలి అది ఆవగింజంత అయిపోయింది. ఆ తెల్లటి మైదానంలో దాన్ని వెతుక్కోవడానికి నలభై నిమిషాలు పట్టింది. వెతుకుతూ వెతుకుతూ ఉంటే, మన ఊరు కూడా దేశం పటంలో ఇలాగే ఉంటుంది కదా అనిపించి, నవ్వు రాలేదు గానీ పని మొదలైంది. రెండో రోజు మన బడిలో వేలాడే ఊరి పటం ఫోటో తీసి బల్లంతా పరిచాను. పటంలో మందిరం ఉన్నచోట మందిరం ఫోటో. దాని కిటికీలో పియానో. పియానో మూత మీద, గింజంత చేసి, గాయక బృందం ఫోటో. వాళ్ళ వెనక గోడ మీద, ఇంకా చిన్నగా, ఇంతవరకూ పనిచేసిన కార్యదర్శులు. పైనుంచి చూస్తే ఊరు. లోపలికి పోతున్నకొద్దీ మనుషులు. అమ్మా, నాకు చాలా రోజుల తర్వాత గంటలు తెలియకుండా గడిచాయి. ఈ మాట నువ్వు నమ్మవు, అయినా రాస్తున్నాను.

మూడో రోజు మామయ్య చూడటానికి వచ్చాడు. కుర్చీ లాక్కుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మొదటి పేజీ చూపించు."

"మొదటి పేజీ ఉండదు మామయ్యా."

"మరి ఆఖరిది?"

"అదీ ఉండదు."

"అలాంటప్పుడు మనిషికి ఎక్కడ నిలబడాలో ఎలా తెలుస్తుంది?"

నేను ఊరి మీద నుంచి పియానోలోకి దూకించాను. మామయ్య రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. "మెల్లగా పిల్లా, పడిపోతాం" అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. కార్యదర్శుల పేర్లు, పనిచేసిన ఏళ్ళు, ఆయన గుండ్రటి చేతిరాతలో. ఆయనకి ముందు నలుగురు. ఆ నలుగురూ పోయినవాళ్ళే.

ఇక ఫోటోల సంగతి. ఒక్కోటి ఒక్కో కాలానిది, ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా, ఒకటి అంచు చిరిగి. అన్నీ ఒక్కలా కనిపించేందుకు ఈ సాఫ్ట్‌వేర్‌లో తయారు శైలులు ఉన్నాయి. "గంభీరం" అనే దాన్ని నొక్కాను. ఒక్క నొక్కుతో అన్ని ఫోటోలూ నలుపు తెలుపు అయిపోయి, చుట్టూ సన్నటి నల్ల అంచు వచ్చి, కింద పేరు, దాని కింద ఏళ్ళు చక్కగా సర్దుకున్నాయి. ఒక ఫోటోకి అంచు తీసేయడం ఎలాగో వెతికాను. తీస్తే అన్నింటికీ పోతుంది, అన్నీ మళ్ళీ చెదిరిపోతాయి. కమిటీ మర్నాడే వస్తోంది. పోయిన నలుగురికీ నల్ల అంచు ఉండటంలో తప్పేమీ లేదు.

మర్నాడు హాలు నిండింది. ఊళ్ళో అంతమంది ఉన్నారని నాకూ తెలియదు. ముందు వరసలో కమిటీ ముగ్గురు, వాళ్ళలో పెద్దావిడ బొయాజియెవా గారు, మోకాళ్ళ మీద నల్ల పుస్తకం. వాళ్ళ పక్కన అమ్మమ్మ. వెనక గాయక బృందం ఆడవాళ్ళు, పండగ బట్టల్లో. మామయ్య రొట్టె, ఉప్పు పట్టుకుని అతిథులకి ఎదురెళ్ళి, లోపల కూర్చోబెట్టి, పక్క గదిలో పొయ్యిలో కాలుతున్న జున్ను పొరల బానిత్సా చూసుకోవడానికి వెళ్ళాడు. చీకటి చేశాం. నేను మొదలుపెట్టాను.

ఊరు గోడ మీద పరుచుకోగానే అందరూ ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్నారు. "అదుగో మా కోళ్ళ దొడ్డి!" అని ఎవరో అరిచారు. మందిరంలోకి దిగుతుంటే తోన్కా అవ్వ పక్కావిడ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. పియానో, గాయక బృందం, నవ్వులు. తర్వాత కార్యదర్శులు, ఒక్కొక్కళ్ళుగా. మొదటి ముఖం నల్ల అంచులో రాగానే హాలంతా శిలువ గుర్తు వేసుకుంది. రెండోదానికీ, మూడోదానికీ అంతే. నాలుగో ఆమె నెదా టీచర్, సగం మందికి అక్షరాలు నేర్పింది, వెనక ఎవరో ముక్కు చీదారు. ఐదో ముఖం వచ్చింది. స్తామెన్ కొలారొవ్, 1988 – 2023. అక్కడ ఆగిపోయింది. హాలుకి ఇంటర్నెట్ మామయ్య వాళ్ళింటి గోడ అవతల నుంచి వస్తుంది, తెలుసుగా. మూల చిన్న చక్రం తిరుగుతోంది. నేను నొక్కుతున్నాను, కదలదు. మామయ్య ముఖం తలుపంత ఎత్తున గోడ మీద.

హాలంతా మళ్ళీ శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత తోన్కా అవ్వ గట్టిగా, "దేవుడు ఆయన్ని మన్నించుగాక!" అంది.

"ఎప్పుడు? పొద్దున బేకరీ దగ్గర చూశానే!" అని ఒక గొంతు.

"పొద్దున చూస్తే ఏమైంది? మా ఆయన్నీ పొద్దున చూశాను."

"ఇందాక రొట్టె పట్టుకుని నిలబడింది ఎవరు మరి?"

"అక్కడే వచ్చుంటుంది. గుండె. ఆ రంగు చూస్తేనే అనుకున్నా."

అత్తయ్య "అయ్యో నా మనిషీ!" అని లేచింది. ఆయన చొక్కా తను ఇస్త్రీ చేసి ఇచ్చి రెండు గంటలు కాలేదు. అయినా లేచింది. అమ్మమ్మ పక్కావిణ్ణి, "ఎవర్ని గురించి?" అని అడిగింది. "మీ స్తామెన్ పోయాడట" అంటే, "అబద్ధం. వాడు అలాంటి పని నాకు చెప్పకుండా చెయ్యడు" అంది, అని కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు మొత్తంలో నిబ్బరంగా ఉన్నది ఆవిడొక్కతే.

ఇంతలో గాయక బృందంలోంచి వెస్కా గొంతు. బేకరీ వెస్కా, నీకు తెలుసు, దాని గొంతుకి చీకటి అడ్డం కాదు.

"అయితే పియానో తాళం ఇప్పుడెవరి దగ్గరుంటుంది?"

"ఛీ, ఇంకా మట్టి కూడా వెయ్యలేదు!"

"మట్టి వేస్తే తాళం ఆయన జేబులోనే పోతుంది, అందుకే ఇప్పుడే అడుగుతున్నా. ముప్పై అయిదేళ్ళు ఆ మూత తియ్యనిచ్చాడా మనల్ని? శ్రుతి పెట్టె పట్టుకుని పాడుకున్నాం."

"అలా అనకు వెస్కా, మంచివాడు పాపం."

"మంచివాడే. ఆ మంచితనాన్ని కూడా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు."

"పుస్తకం ఇంటికివ్వడు, అక్కడే కూర్చుని చదవమంటాడు. నాలుగయ్యేసరికి దీపాలార్పుతాడు" అని ఇంకొకావిడ. "మా పిల్ల బడి వదిలేదే నాలుగింటికి."

"సరే సరే, గోధుమలు ఎవరు ఉడికిస్తారు చెప్పండి" అని తోన్కా అవ్వ. దినానికి గోధుమలు ఉడికించడంలో ఆవిడని మించినవాళ్ళు లేరని ఆవిడ నమ్మకం.

వేదిక మీద నుంచి పక్క గది తలుపు నాకొక్కదానికే కనిపిస్తుంది. మామయ్య అక్కడ నిలబడి ఉన్నాడు, చేతుల్లో బానిత్సా పళ్ళెం, ఆవిరి కళ్ళద్దాల మీదకి. వెస్కా తాళం సంగతి ఎత్తినప్పటినుంచీ ఉన్నాడు. నేను ఆయన్ని చూశాను. ఆయన ఇక్కడే ఉన్నాడని ఎవరికీ చెప్పలేదు.

"గోధుమల్లో చక్కెర ధారాళంగా వెయ్యి తోన్కా" అన్నాడు మామయ్య. "నాకు తీపంటే ఇష్టం."

తర్వాతి గోల నీకు అత్తయ్య చెప్పే ఉంటుంది. కేకలు, నవ్వులు, ఎవరో లైట్లు వేశారు. అత్తయ్య ఆయన్ని ముందు కౌగలించుకుని తర్వాత వీపు మీద కొట్టింది. వెస్కా మాత్రం తన మాటలేవీ వెనక్కి తీసుకోలేదు. "పోన్లే, బతికుండగానే విన్నాడు" అంది. బొయాజియెవా గారు నవ్వలేదు. బానిత్సా ముక్క తిని, చేతులు తుడుచుకుని, పుస్తకం తెరిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఈయన తర్వాత ఎవరు?"

"మా మేనకోడలు" అన్నాడు మామయ్య. "నేను పక్కనే ఉంటాను."

"పక్కనే అంటే?"

"పక్కనే అంటే పక్కనే. నా బల్ల దగ్గర. పిల్ల కంప్యూటర్ చూసుకుంటుంది, మిగతాది నేను చూసుకుంటాను."

ఆవిడ నా వైపు చూసింది. ఏదో రాసుకుంది.

ఐదు రోజుల తర్వాత వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఇది నీకు అత్తయ్య చెప్పలేదు, తనకి ఇంకా తెలియదు. ఉద్యోగం మన ఊళ్ళోనే ఉంటుంది. షరతు ఒకటి: కొత్త కార్యదర్శి అక్టోబరు 30 లోపల, ఒక్కరే, పూర్తి బాధ్యత తనదని సంతకం పెట్టాలి. లేకపోతే కింది పట్నానికి పోతుంది.

నువ్వు ఇంకోటి అడిగావు, మామయ్య చాలా బాధపడ్డాడా అని. ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక వేదిక అంచున కూర్చున్నాడు. నేను తీగలు చుడుతున్నాను.

"నిజంగానే నేను పియానో తియ్యనివ్వలేదా?"

"తియ్యనివ్వలేదు మామయ్యా."

"తేమకి పాడవుతుందని."

"ముప్పై అయిదేళ్ళూ తేమేనా?"

ఆయన వేళ్ళు మడిచాడు. నిజంగానే ఏళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడనుకుంటా. "ఎనభై తొమ్మిదిలో మాత్రం బాగా తేమగా ఉంది" అన్నాడు. మర్నాడు వచ్చి ఆ సాఫ్ట్‌వేర్ తను నడిపి చూస్తానన్నాడు. మౌస్ చేతికిచ్చాను. తన ఫోటో మీద పెట్టి తిప్పాడు. ముఖం పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, చివరికి గోడంతా ఒక కన్ను, దాని మూల తెల్లటి మచ్చ. వెనక్కి రావడం ఆయనకి తెలియలేదు, నేను చెప్పకముందే మౌస్ వదిలేశాడు. "మనిషికి ఇంత దగ్గరికి పోకూడదు" అన్నాడు. నేను పైకి లాగాను. బాధపడ్డాడో లేదో నాకు తెలియదమ్మా. నేను చూసింది రాస్తున్నాను.

ఇప్పుడు ఆదివారం సంగతి. అత్తయ్య వాళ్ళింట్లో భోజనం, కూరిన మిరపకాయలు. అత్తయ్య వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

"సిగ్గు లేదుటే నీకు? తండ్రి లేని పిల్లని చేరదీసి కన్నకూతురిలా చూస్తే, నల్ల అంచు కట్టి గోడకి తగిలించావు!"

"పిల్లనేం అనకు" అన్నాడు మామయ్య. "అంచు వేసింది మిషను. సంవత్సరం వేసిందీ మిషనే. నేను నా పేరు ఎదురుగా ఖాళీ వదిలాను. మిషనుకి ఖాళీ కనిపిస్తే ఊరుకోదు, నింపుతుంది. అవి అలాంటివే."

"మిషను నింపుతుందా?" అని అత్తయ్య నన్నడిగింది.

నేను మిరపకాయ తింటున్నాను. తింటూనే ఉన్నాను. మామయ్య నా తరఫున ఇంకా చాలా చెప్పాడు. నా చదువు గురించి, మూడు రోజులు నేను పడ్డ కష్టం గురించి. అమ్మమ్మ వింటూ తలూపుతోంది. నేను ఇంకో మిరపకాయ వేసుకున్నాను.

అమ్మా, ఏ మిషనూ ఖాళీని నింపదు. అంచు దానిది, అంకెలు నావి. మామయ్య ఇచ్చిన కాగితంలో నలుగురికీ మొదలు, చివర రెండేళ్ళూ ఉన్నాయి. తన పేరు ఎదురుగా "1988 –" అని రాసి, చిన్న గీత గీసి, ఆ తర్వాత వదిలేశాడు. ఇంకో ముప్పై అయిదేళ్ళు పట్టేంత జాగా ఆ గీత పక్కన ఉంది. కమిటీ వచ్చే ముందు రోజు మధ్యాహ్నం ఆ ఖాళీ చూస్తూ కూర్చున్నాను. తర్వాత నాలుగంకెలు కొట్టాను. ఆయన చావాలని కాదు. ఆ ఉద్యోగంలో ఆయన కాలం అయిపోవాలని. కొట్టాక తెర మీద చూశాను. నల్ల అంచు, ముఖం, పేరు, రెండేళ్ళు. నాన్న కాగితం అచ్చు వేయించి నెల కూడా కాలేదు, చూడగానే అదేమిటో నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసింది. చెరపడానికి ఒక్క క్షణం పడుతుంది. చెరపలేదు. మూడు సెకన్లలో ఎగిరిపోతుంది, ఎవరూ గమనించరు అనుకున్నాను. ఎవరైనా గమనిస్తే ఏమవుతుందో చూద్దామని కూడా అనుకున్నాను. ఈ రెండూ అనుకున్నాను.

అందుకని నీ మూడు వాక్యాల్లో మూడోది దాదాపు నిజమే. మొదటి రెండూ కావు. నాకు ఊరంటే చులకన కాదు. నేను పారిపోవాలనుకోలేదు. మీరందరూ నేను పోవాలని చూస్తున్నాననుకున్నారు, ఎందుకంటే నేను ఒకచోట కుదురుగా కూర్చోను, వంటింట్లో కిటికీ వైపు చూస్తూ తింటాను. నాకు కావలసింది ఆ ఉద్యోగం. మామయ్య పక్కన కాదు. మామయ్య తర్వాత.

నిన్న మందిరానికి వెళ్ళి ఆయనకి చెప్పాను. పత్రికలు కట్ట కడుతున్నాడు.

"మామయ్యా, ఆ సంవత్సరం మిషను వెయ్యలేదు. నేను వేశాను."

ఆయన తాడు వదల్లేదు. "పొరపాటున పడిందా?"

"లేదు. చూసే వేశాను. చూసే ఉంచాను."

"ఎందుకు?"

"మీరు ఖాళీ వదిలారు కాబట్టి."

"అది మర్చిపోయి వదిలింది కాదే పిల్లా."

"తెలుసు మామయ్యా."

ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. "నేను పక్కన కూర్చుంటే నీకేం బరువు? నేను మాట్లాడను కూడా."

"మీరు మాట్లాడక్కర్లేదు. మీరు అక్కడుంటే వెస్కా పియానో దగ్గరికి రాదు. బడి పిల్లలు పుస్తకం ఇంటికి అడగరు. మీ ముఖం చూసి తిరిగిపోతారు. ముప్పై అయిదేళ్ళ అలవాటు."

"మరి నేనెక్కడికి పోవాలి?" అన్నాడు. కోపంగా కాదు. బస్సు వివరం అడిగినట్టు అడిగాడు.

"ఇంటికి. లేకపోతే పాఠకుడిగా రండి. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు వరకు తీసే ఉంటుంది."

మామయ్య టోపీ పెట్టుకున్నాడు. పత్రికల కట్ట బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. రాత్రి భోజనానికి అమ్మమ్మ పిలిస్తే రాలేదు. ఈ పొద్దున దారిలో ఎదురయ్యాడు, అవతలి పక్కకి దాటాడు. అమ్మమ్మకి అంతా చెప్పాను. ఆవిడ విని, "నువ్వు మా అత్తగారిలా తయారవుతున్నావు" అంది. అది తిట్టో కాదో ఇంకా తెలియలేదు.

ఇంక నీ ఉత్తరంలో మిగిలినవి రెండు. ఒకటి, నేను మామయ్య చెయ్యి ముద్దు పెట్టుకుని అందరి ముందూ క్షమించమని అడగాలన్నావు. రెండోది, ఊళ్ళో నాకిక ముఖం లేదు కాబట్టి సిన్యోరా మేనల్లుడి పళ్ళ ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే పని మాట్లాడావని, నవంబరు నాలుగో తేదీ మిన్చో వ్యానులో నాకు సీటు చెప్పావని రాశావు. నువ్వు నా మేలు కోరి చేశావని తెలుసు.

నేను రావడం లేదు. మిన్చోకి చెప్పేశాను, ఆ సీటులో తోన్కా అవ్వ కోడలు వస్తోంది, దానికి నీ చిరునామా ఇచ్చాను. మామయ్యని క్షమాపణ అడగను. ఈ ఉత్తరం నువ్వు చదివేసరికి ఆదివారం అవుతుంది. సోమవారం పొద్దున బొయాజియెవా గారి ముందు సంతకం పెడుతున్నాను. ఒకటో తారీఖు పండగ సెలవు. రెండో తారీఖు నుంచి పఠన మందిరం కార్యదర్శిని నేను. ఆయన బల్ల ఆయన ఇంటికి పంపిస్తున్నాను.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన,
జోర్నిత్సా